గంగులమ్మ చెప్పిన మాట, కరణం రాసిన మాట

గంగులమ్మ మెడలో తాళి ఉందో లేదో సర్కారు కాగితం మీద నమోదు కావడం ఆమె నలభై ఎనిమిదేళ్ల జీవితంలో అదే మొదటిసారి. పెళ్లయినప్పుడు ఎవరూ రాసుకోలేదు. మొగుడు మునిరత్నం ఇల్లు విడిచిపోయినప్పుడు అసలే రాసుకోలేదు. కరణాల, మునసబుల ఉద్యోగాలు రద్దయిన మరుసటి ఏడాది, పింఛన్ల పట్టీలన్నీ సరిచూడమని పైనుంచి ఉత్తర్వులు దిగాయి. ఎగువకండ్రిగకు కొత్తగా వచ్చిన గ్రామ సహాయకుడు జయరామ్ సైకిలును గోడకు ఆనించి, ఆమె గుడిసె ముందు నిలబడి ఆ పని చేశాడు.

"అత్తా, నీ పేరు ఈడ వితంతువుల పట్టీలో ఉండాది. మెడలో చూస్తే తాళి ఉండాది. ఏందిది?"

"పట్టీలో ఏముండాదో నాకేం తెలుసునప్పా. మెడలో ఉండేది మాత్రం నాదే."

"మామ ఉండాడా, లేడా?"

"ఉండాడు. వాలాజాలో టీ అంగడి పెట్టుకోనుండాడంట. ఆడ ఇంకొకతె ఉండాదంట. ఇద్దురు పిల్లోళ్లంట."

జయరామ్ కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ నిలబడ్డాడు. "ఈ మాట నాతో చెప్పకుండా ఉంటే బాగుండు గదత్తా."

"అడిగినావు, చెప్పినాను. అడక్కుండా ఉండాల్సింది నువ్వు."

జయరామ్ చెడ్డవాడు కాడు. కళ్లెదుట ఉన్నదాన్ని ఉన్నట్టు రాయడమే ఉద్యోగధర్మమని నమ్మిన యువకుడు. అతను రాసినవి రెండే వాక్యాలు: భర్త జీవించి ఉన్నాడు, ఈమె వితంతువు కాదు. ఆ రెండు వాక్యాలే తాలూకాఫీసుకు చేరేసరికి నివేదిక అయ్యాయి. పోలీసుస్టేషను గడప దాటేసరికి ఫిర్యాదయ్యాయి. తిరుపతి కోర్టుకు వచ్చేసరికి, ప్రభుత్వాన్ని మోసగించి ఏడేళ్లపాటు వితంతు పింఛను కాజేసిన నేరానికి నాలుగు వందల ఇరవయ్యో సెక్షను కింద అభియోగమై కూర్చున్నాయి. పింఛను ఆగిపోయింది. శిక్ష పడితే జైలు అని సమను తెచ్చిన కానిస్టేబులు చెప్పాడు. గంగులమ్మ అతనికి మంచినీళ్లిచ్చింది. అతను తాగి, గ్లాసు బోర్లించి, "ఫోర్ ట్వంటీ అంటే తెలుసునా?" అని అడిగాడు. రేణిగుంట రైలుస్టేషను చుట్టుపక్కల బతికే మనిషికి ఆ అంకె తెలియకపోవడమేమిటి? టిక్కెట్టు లేకుండా రైలెక్కేవాడి నుంచి తూకంలో మోసం చేసేవాడి దాకా అందరినీ అక్కడ ఆ అంకెతోనే పిలుస్తారు.

ఆమె పని చేసేది రేణిగుంట దగ్గరి చింతపండు మండీలో. మాఘం మొదలు చైత్రం దాకా పాతికమంది ఆడవాళ్లు వరసగా కూర్చుని, కాయ కొట్టి, గింజా నారా తీసి, పండును తట్టలకెత్తుతారు. పులుపుకు వేళ్ల చర్మం తెల్లగా పాలిపోయి పగుళ్లిస్తుంది. గంగులమ్మ తీసిన పండులో గింజ ఉండదని మండీ అంతటా పేరు. సమను వచ్చిన వారానికే ఆమె తట్టలో గింజలు కనబడ్డాయి.

"ఏమే ఫోర్ ట్వంటీ, తట్ట ఇట్లా జరుపు," అంది పక్కన కూర్చునే అక్కమ్మ. "మనసు యాడబెట్టి కొడతాండావు? గింజలన్నీ పండులోనే ఉండాయి."

"ఫోర్ ట్వంటీ యాపారం గదా, గింజలు గూడా తూకానికే," అని గంగులమ్మే ఎదురు నవ్వింది. అందరూ నవ్వారు. కాని ఆమె రెండు నిమిషాలకోసారి లేచి నీళ్లకుండ దాకా పోవడం, తాగకుండానే తిరిగి రావడం, కూర్చున్న చోటే పదిసార్లు ఇటూ అటూ జరగడం అక్కమ్మ చూస్తూనే ఉంది. జైలు భయమనుకుంది. అది కాదు. జైలు భయమైతే పంచుకోవడానికి అక్కమ్మ ఉండనే ఉంది. ఎవరితోనూ పంచుకోలేనిది మరొకటి ఉంది.

ఏడేళ్ల కిందట కుడి భుజం జారి చెయ్యి లేవక, మండీకి పోలేక రెండు నెలలు ఇంట్లోనే పడి ఉన్నప్పుడు, ఒంటి ఆడవాళ్లకు సర్కారు పింఛనిస్తుందని ఎవరో చెప్పారు. కరణం సుబ్రమణ్యం గారు అయిదు పల్లెలకు కరణం. పక్క ఊళ్లో కాపురం. ఆయన అరుగు మీద బల్ల ముందు కూర్చుని తలెత్తకుండా అడిగాడు. గంగులమ్మ అరుగు కింద నిలబడి జవాబులు చెప్పింది.

"మొగుడేం చేస్తాడే?"

"పోయినాడు సామీ."

"ఎన్నాళ్లాయ?"

"ఏడేండ్లు నిండొచ్చె."

"పాపం," అన్నాడు కరణం, కలం ఆపకుండానే. కాగితం ముందుకు తోసి వేలిముద్ర వేయించుకున్నాడు. ఆమెకు చదువు రాదు. తెచ్చుకున్నది దిక్కులేని ఆడదాని పింఛను అనుకుంది. తనకు దిక్కులేదన్నది ఊరందరికీ తెలిసినదే కాబట్టి, ఆ కాగితంలో అబద్ధం ఉండే వీలుంటుందని ఆమెకు తోచలేదు. నెలనెలా చావడికి పోయేది. నుదుట రూపాయి కాసంత కుంకుమ, మెడలో పసుపుతాడు. వాటిని ఎప్పుడూ కొంగుతో కప్పుకోలేదు.

రెండేళ్ల కిందట, దీపావళికి ముందు నెలలో, చావడిలో డబ్బు పంచే గుమాస్తా వేలిముద్ర పుస్తకం ఆమె వైపు తిప్పుతూ పదిమందిలో అన్నాడు: "ఏం గంగులమ్మా, ముండమోపుల పింఛనుకు కుంకం పెట్టుకోని వచ్చేది ఈ తాలూకాలో నువ్వొకతెవే!"

అందరితో పాటు తనూ నవ్వింది. బయటికి వచ్చాక నవ్వు ఆగిపోయింది. పింఛను అసలు పేరు ఆ రోజు తెలిసింది. ఆపై నెల చావడి మెట్ల దగ్గర చాలాసేపు నిలబడింది. బొట్టు చెరుపుకుందామా అనుకుంది, చెరుపుకోలేదు. లోపలికి పోయి నిజం చెబుదామా అనుకుంది, చెప్పలేదు. వేలు సిరాలో ముంచి ముద్ర వేసి, ఆ డబ్బుతో నూకలు కొనుక్కుని ఇంటికి వచ్చింది. ఆ తరువాత ప్రతి నెలా అంతే. ఎవరికీ తెలియని ఆ సంగతే ఇప్పుడు ఆమెను కూర్చోనీయడం లేదు.

ఉచిత న్యాయసహాయం కింద ఆమెకు దొరికిన లాయరు సుందరరాజు. అరవై దాటిన మనిషి, నల్లకోటు మోచేతుల దగ్గర వెలిసిపోయింది. కోర్టు ఎదురుగా ఉన్న కాఫీ అంగట్లో, ఆమెను బల్ల మీద కూర్చోమని మూడుసార్లు చెప్పి, ఆమె కూర్చోకపోయేసరికి తనే లేచి నిలబడి మాట్లాడాడు.

"సూడు గంగులమ్మా, మూడు దోవలుండాయి. మొదటిది, ఒప్పుకో. జరిమానా వేస్తారు, సాయంత్రానికి ఇంట్లో ఉంటావు. ఈ ఏడు పక్క తాలూకాల నుంచి నా చేతికి ఇట్లాంటి కేసులు పదకొండొచ్చినాయి. విస్తరాకులు కుట్టేది, వీధులూడ్చేది, గుడ్డి ముసలాయన. తొమ్మిదిమంది ఒప్పుకోని పోయినారు."

"ఆళ్లంతా తప్పు చేసినారా సామీ?"

"తీరిక లేక ఒప్పుకున్నారు. వాయిదాకొక కూలి పోతాది గదా. ఇది రెండో దోవ: ఏడేండ్లు మనిషి జాడ తెలీకుంటే సచ్చినాడనే అనుకొమ్మంటుంది చట్టం. 'కబురు లేదు, సచ్చినాడనుకున్నాను' అని ఒక్క మాట చెప్పు. మిగతాది నేను చూసుకుంటా."

"కబురు నాలుగో ఏడే వచ్చినాది. బతికుండాడని తెలుసు నాకు."

"అబ్బబ్బా! తెలుసునని నిన్నెవురు అడిగినారు?"

"సచ్చినాడని ఎట్లంటాను? ఆయప్ప మింద ప్రేమకు కాదు. బతికుండే మనిషిని నోటితో సంపేది నా చేత కాదు."

సుందరరాజు కాఫీ ఒక్క గుక్కలో మింగాడు. "అయితే మూడోది. ఏం తెలీదు, కరణం రాసినాడు, వేలు పెట్టినాను. అంతే. కడాన మేజిస్ట్రేటు నిన్ను అడుగుతాడు. ఆ అడిగేదానికి ప్రమాణం లేదు. అబద్ధం చెప్పినా నిన్నేమీ అనేదానికి లేదు. చట్టమే ఇచ్చిన వెసులుబాటది."

"సామీ, ఇంకో మాట..." అని ఆమె చావడి మెట్ల సంగతి, అప్పటి నుంచి ఇరవై నెలల పాటు తెలిసి తెలిసి వేసిన వేలిముద్రల సంగతి గబగబా చెప్పేసింది.

లాయరు చుట్టూ చూశాడు. "ఈ మాట నేను వినలేదు."

"వినినారు గదా."

"నాకు చెవుడు. వయసు మళ్లింది. నువ్వు కూడా మరిచిపో."

మరిచిపోవడం ఆమెకు చేతనైతే కదా. వాయిదా తరువాత వాయిదా పడింది. ఒకసారి సాక్షి రాలేదు, ఒకసారి ఫైలు రాలేదు, ఒకసారి మేజిస్ట్రేటే సెలవు. ప్రతిసారీ గంగులమ్మ తెల్లారే బస్సెక్కి వచ్చి, వరండాలో ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తూ పొద్దు గడిపి, కూలి పోగొట్టుకుని తిరిగిపోయేది. చట్టం పేదవాడిని శిక్షించడానికి తీర్పు దాకా ఆగనక్కరలేదు. పిలిచి, నిలబెట్టి, మళ్లీ రమ్మంటే చాలు. ఆరో వాయిదాకు విచారణ మొదలైంది.

మొదటి సాక్షి సుబ్రమణ్యం. ఉద్యోగం పోయినా కండువా మడత చెడలేదు. ప్రభుత్వ వకీలు అడిగినదానికి, ఆమె వచ్చి భర్త లేడని చెప్పిందనీ, తాను నమ్మి రాశాననీ చెప్పాడు. సుందరరాజు లేచాడు.

"ఆమె వాడిన మాట ఏమిటి?"

"పోయినాడు అనింది."

"మీరు రాసిన మాట?"

"స్వర్గస్థుడైనాడు అని."

"ఆ స్వర్గం ఆమె చెప్పిందా, మీరు కలిపినారా?"

"దరఖాస్తు కదండీ. గౌరవంగా ఉంటుందని నేనే రాసినాను."

వెనక బల్లల మీద నవ్వులు లేచాయి. కరణానికి కోపం వచ్చింది. "నవ్వితే ఎట్లా? ఈ సీమలో గడప దాటేవాడెవడైనా 'పోతా' అంటాడా? 'పొయ్యొస్తా' అంటాడు. పక్కింటికి పోయినా అంతే. యాడికి అని చెప్పకుండా ఉత్తినే 'పోయినాడు' అంటే దానికి ఇంకో అర్థం ఉంటాదా? నేను తెలుగు రానివాణ్నా?"

మాట బాగానే ఉంది. సుందరరాజు కూడా ఒక క్షణం తడుముకున్నాడు. ఆ సందులో, బోను పట్టుకుని నిలబడ్డ గంగులమ్మ అడగకుండానే నోరు తెరిచింది.

"సామి చెప్పింది నిజమే. అందురూ పొయ్యొస్తా అనే అంటారు. ఆయప్ప అనలేదు. సద్దిమూట సంకలో పెట్టుకోని, 'గంగులూ, పోతాండా' అన్నాడు. అదేం మాట, పొయ్యొస్తా అనమని నేను వాకిట్లో నిలబడి మూడుసార్లు చెప్పినాను. అనలేదు. వచ్చే మనిషి కాదని ఆ పొద్దే తెలిసినాది. అందుకే 'పోయినాడు' అన్నాను. సచ్చింటే సచ్చినాడు అనే చెప్పుండేదాన్ని. నాకేం మాటలు రావా?"

బెంచి గుమాస్తా ఆమెను గదమాయించబోతే మేజిస్ట్రేటు చేత్తో ఆపాడు. ఆమె మాటలు ఆమె చెప్పినట్టే రాసుకున్నాడు. కరణం కండువా సర్దుకున్నాడు. ఇన్నేళ్ల తరువాత మొదటిసారి ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. నుదుట కుంకుమ ఎప్పటిలాగే ఉంది.

రెండో సాక్షి కేసు దర్యాప్తు చేసిన సబిన్‌స్పెక్టరు. సుందరరాజు ఈసారి తాపీగా అడిగాడు.

"ఆ తాలూకా పట్టీలో తప్పుడు పేర్లు ఎన్ని తేలాయి?"

"పదిహేడు."

"కేసు పెట్టింది?"

"ఈమె మీద."

"మిగిలిన పదహారు?"

"వాళ్లు చనిపోయినారు సార్. కొందరు పట్టీలో పేరు చేరకముందే చనిపోయినారు."

"చనిపోయినవాళ్లు నెలనెలా వచ్చి వేలిముద్రలు వేసినారా?"

"ఎవరో వేసినారు సార్."

"ఎవరో?"

"అది దర్యాప్తులో తేలలేదు. చచ్చినవాళ్ల మీద కేసెట్లా పెడతాం సార్?"

నిందితులంటే ప్రాణం, చిరునామా రెండూ ఉండాలి. పదిహేడు పేర్లలో ఆ రెండూ ఉన్నది గంగులమ్మ ఒక్కతే. కాబట్టి పదిహేడు పేర్ల మోసానికీ బోనులో నిలబడింది ఆమె ఒక్కతే. దొంగ కాగితాలు తయారుచేసినవాడు ఏ గదిలో ఏ కుర్చీలో కూర్చుని ఉన్నాడో వెతకడం కష్టం. చావడి మెట్ల మీద కుంకుమ పెట్టుకుని నిలబడ్డ మనిషిని పట్టుకోవడం తేలిక. తేలికైనదే న్యాయంగా చెలామణి అవుతుంది.

మధ్యాహ్నం మేజిస్ట్రేటు ఆమెను నేరుగా ప్రశ్నించాడు.

"అది వితంతువులకిచ్చే పింఛనని నీకు తెలియదని మీ వకీలు అంటున్నారు. నిజమేనా?"

సుందరరాజు ఆమె వైపు చూశాడు. కళ్లు పెద్దవి చేశాడు. దగ్గాడు కూడా. 'నిజమే సామీ' అంటే చాలు. సాయంత్రం బస్సు అందుతుంది. ఆ ఇరవై నెలల సంగతి ప్రపంచంలో ఇంకెవరికీ తెలియదు. తెలిసిన ఒక్కడికీ చెవుడు.

గంగులమ్మ బోను కట్టెను రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. అంతవరకు ఒక కాలి మీద నుంచి మరో కాలి మీదికి మారుతున్న మనిషి ఒక్కసారిగా నిలబడింది.

"మొదుట్లో తెలీదు సామీ. రెండేండ్ల కిందట తెలిసినాది. తెలిసినాక కూడా తీసుకున్నాను. ఆకలికి తీసుకున్నాను. నేరమైతే నేరమని రాసుకోండి. కానీ సచ్చినాడని చెప్పి తీసుకున్నానని మాత్రం రాయొద్దు. అది నేను చెప్పలేదు."

ప్రభుత్వ వకీలు చటుక్కున లేచాడు. "నిందితురాలే ఒప్పుకుంది, మీ ఆనర్!" సుందరరాజు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. మేజిస్ట్రేటు ఇద్దరినీ కూర్చోమని, చాలాసేపు రాసి, నాలుగు రోజుల తరువాత తీర్పు చెబుతానన్నాడు.

ఆ నాలుగు రోజులు గంగులమ్మ మండీలో తీసిన పండులో ఒక్క గింజ లేదు.

తీర్పు రెండు భాగాలుగా వచ్చింది. దరఖాస్తునాడు ఆమె ఎవరినీ మోసగించలేదు. ఆమె మాటకు మరొకరు తొడిగిన అర్థానికి ఆమె బాధ్యురాలు కాదు. నెలనెలా తాళితో, కుంకుమతో అధికారుల ఎదుటికి వచ్చిన మనిషి మోసం చేయదలచిందని నమ్మడం సాధ్యం కాదు. నాలుగు వందల ఇరవై వీగిపోయింది. కాని తనది కాదని తెలిసిన తరువాత కూడా ప్రభుత్వ సొమ్ము వాడుకోవడం నేరమే. దానికి ఆమెను మందలించి విడిచిపెడుతున్నారు.

"అంటే ఏంది సామీ?" అని ఆమె లాయరును అడిగింది.

"తిట్టి పంపించేది."

"తిట్టలేదే."

"ఇదే తిట్టు. దిగు."

ఆమె దిగలేదు. "సామీ," అంది మేజిస్ట్రేటుతో, "నేను తిన్నదానికి మందలించినారు, సరే. ఆ పదహారు మందివి తిన్నోళ్లని ఎప్పుడు మందలిస్తారు?"

మేజిస్ట్రేటు కలం మూత పెట్టాడు. "అది ఈ కేసులో విషయం కాదమ్మా."

న్యాయశాస్త్రం ప్రకారం ఆయన మాటలో అక్షరం తప్పు లేదు. గంగులమ్మకు ఆ శాస్త్రం తెలియదు కాబట్టి, గుమాస్తా తరువాతి కేసు పేరు రెండోసారి పిలిచేదాకా జవాబు కోసం ఆమె అక్కడే నిలబడింది.

మరునాడు మండీలో అందరూ పని ఆపి అడిగారు. "గెలిచినావా, ఓడినావా?"

"రెండూనంట. ఫోర్ ట్వంటీ మాత్రం కాదంట."

"అయ్యో, ఇంక నిన్నేమని పిలిచేది?" అంది ఎవరో. నవ్వులు. పింఛను మళ్లీ ఇస్తారా అని మరొకామె అడిగింది. మొగుడు సచ్చినోళ్లకు ఉండాదంట, ఇడిచిపెట్టినోళ్లకు లేదంట, అంది గంగులమ్మ. దాంతో నవ్వులు ఆగిపోయాయి. ఆ పాతికమందిలో మొగుడు విడిచిపోయినవాళ్లు ఎందరో వాళ్లకే తెలుసు.

అక్కమ్మ మాత్రం మొదటి నుంచీ నవ్వలేదు. గింజ తీస్తూ తీస్తూ చేతులాపేసింది.

"వదినా, ఆ పదహారిట్లో మా అత్త పేరుండాదంట. జయరామ్ నిన్న చెప్పినాడు. ముసిల్ది సచ్చి నాలుగేండ్లాయ. ఇన్నాళ్లూ దాని పేరు మింద ఎవురో వేలు పెడతానే ఉండారంట. బతికుండంగా మందుబిళ్లలకు డబ్బుల్లేక ఏడ్చింది మా అత్త."

"నీకేమనిపిస్తాండాది?"

"కడుపు మండతాండాది. కానీ యాడికి పోవాలో, ఎవురిని అడగాలో నాకేం తెలుసు?"

గంగులమ్మ ఒళ్లో పడిన నార దులిపి లేచింది. తట్ట పక్కకు నెట్టింది. "నాకు తెలుసు. లాయరు సామి పొద్దున కాఫీ అంగట్లో ఉంటాడు. లెయ్యి."

"ఇప్పుడేనా? కూలి పోతాదే!"

"నాకు ఆరు వాయిదాల కూలి పోయినాది. ఇంకొకటి పోతే పోనీ."

తూకం వేసే మనిషి వెనక నుంచి కేకలేశాడు. ఇద్దరూ వినిపించుకోలేదు. తిరుపతి బస్సుకు ఇంకా అరగంట ఉందని రోడ్డు మీద ఎవరో చెప్పారు. అక్కమ్మ రాయి చూసుకుని కూర్చోబోయింది. గంగులమ్మ అప్పటికే తిరుపతి దారిన నడక మొదలుపెట్టింది.